విశాఖకు కన్వెన్షన్ సెంటర్: మిగతా 363 రోజుల లెక్క

విశాఖపట్నంలో పెద్ద సదస్సు ఖరారైందన్న సంగతి ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కాలేజీ మైదానాన్ని చూస్తే తెలిసిపోతుంది. లారీల మీద అల్యూమినియం చట్రాలు దిగుతాయి. కొన్ని వారాల్లో జర్మన్ హ్యాంగర్లనే భారీ గుడారాలు లేస్తాయి. మట్టి మీద ప్లైవుడ్, ప్లైవుడ్ మీద తివాచీ పరుచుకుంటాయి. గుడారాల వెనక జనరేటర్లు, ఏసీ యంత్రాలు బారులు తీరతాయి. 2023 మార్చి 3, 4 తేదీల్లో గ్లోబల్ ఇన్వెస్టర్స్ సమ్మిట్ ఇక్కడే జరిగింది. 2025 నవంబరు 14, 15 తేదీల్లో భారత పరిశ్రమల సమాఖ్య (సీఐఐ) భాగస్వామ్య సదస్సుకూ ఇదే వేదిక. మధ్యలో ప్రభుత్వం మారింది గాని మైదానం మారలేదు. కుదిరాయని ప్రకటించిన ఒప్పందాల విలువ రెండుసార్లూ 13 లక్షల కోట్ల రూపాయలు దాటింది. సంతకాలయ్యాక చట్రాలు విప్పి మళ్లీ లారీలకెక్కించారు.

ఇలాంటి సదస్సు ముగిసిన ప్రతిసారీ ఒక మాట వినిపిస్తుంది. ఇంత పెద్ద ఊరు, ఇంత చక్కని సముద్రతీరం, అయినా సొంత అంతర్జాతీయ కన్వెన్షన్ సెంటర్ లేకపోవడమేమిటని. ఈ ప్రశ్న వేసిన తీరులోనే జవాబు దాగి ఉంది: ‘కట్టాల్సిందే’. అయితే కొత్త హాలు కావాలా అక్కర్లేదా అన్నది సదస్సు జరిగిన ఆ రెండు రోజులను చూసి తేల్చే విషయం కాదు. ఆ రెండు రోజులూ గుడారాల్లోనే గడిచిపోయాయి, గుడారాల వల్ల ఏ ఒప్పందమూ ఆగినట్టు ఎవరూ చెప్పలేదు. తేల్చాల్సింది మిగతా 363 రోజుల సంగతి. ఆ రోజుల్లో హాలు తలుపులు ఎవరి కోసం తెరుస్తారు, ఎంత అద్దెకు తెరుస్తారు, తెరవని రోజుల కరెంటు బిల్లు ఎవరు కడతారు?

ముందుగా మాట సంగతి తేల్చుకోవాలి. తెలుగు రాష్ట్రాల్లో ‘కన్వెన్షన్’ అన్న మాటకు నిఘంటువు ఇచ్చే అర్థం ఒకటి, పెళ్లి పత్రికలో ఉండే అర్థం మరొకటి. ఒకప్పుడు కల్యాణ మండపం అనేవారు. అది ఫంక్షన్ హాలు అయింది, తర్వాత గార్డెన్స్ అయింది, ఇప్పుడు కన్వెన్షన్ అయింది. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు చుట్టూ గాని, విజయవాడ, గుంటూరు దారుల్లో గాని ఆ పేరుతో కనిపించే బోర్డుల్లో చాలావాటి వెనక ఉన్నది పెళ్లి వ్యాపారమే. అందులో తప్పేమీ లేదు, అది లాభసాటి వ్యాపారం. చిక్కల్లా ప్రభుత్వ భూమిలో, ప్రభుత్వ సాయంతో ‘అంతర్జాతీయ సదస్సుల కోసం’ అని మొదలుపెట్టిన భవనం ఆ వ్యాపారంలోకే జారిపోయినప్పుడు. అప్పుడది ప్రైవేటు ఫంక్షన్ హాళ్లకు సర్కారు పెట్టిన పోటీ అవుతుంది.

పైగా ప్రదర్శన, సదస్సు, పెళ్లి అనే ఈ మూడు అవసరాలకూ కావాల్సిన భవనాలు వేరు. యంత్ర పరికరాల ప్రదర్శననే తీసుకుంటే, టన్నుల బరువుండే యంత్రం ట్రెయిలర్ మీద నేరుగా హాల్లోకి రావాలి. తలుపు ఆ ఎత్తున ఉండాలి, నేల ఆ బరువు మోయాలి, లోపల స్తంభాలు అడ్డు రాకూడదు. ప్రతి స్టాలు దగ్గరికీ నేల కింది కాలువల్లోంచి త్రీ ఫేజ్ కరెంటు, నీరు, కంప్రెసర్ గాలి అందాలి. డాక్టర్ల సదస్సుకు వీటిలో ఒక్కటీ అక్కర్లేదు. పొద్దున అందరూ కూర్చునే పెద్ద సభా మందిరం ఒకటి, ఆ తర్వాత ఏకకాలంలో ఉపన్యాసాలు సాగడానికి పది పదిహేను చిన్న గదులు ఉండాలి. ఒంటిగంటకు మూడు వేల మందీ ఒకేసారి భోజనానికి లేస్తారు, గంటలో తిని మళ్లీ కూర్చోవాలి. ఇక పెళ్లికి కావాల్సినవి వంటశాల, వడ్డన హాలు, అర్ధరాత్రి ముహూర్తమైనా అడ్డు చెప్పని కాపలాదారు, విశాలమైన పార్కింగ్. ‘బహుళ ప్రయోజన’ కేంద్రమని మూడింటినీ ఒక కప్పు కిందికి తెస్తే ఖర్చు మూడింటికీ అవుతుంది, సౌకర్యం మాత్రం ఏ ఒక్కదానికీ పూర్తిగా అమరదు. తివాచీ పరిచిన నేల మీదికి లేత్ యంత్రాన్ని ఎవరూ ఎక్కించరు.

హైదరాబాద్ అనుభవం ఇక్కడ బాగా పనికొస్తుంది, దాన్ని సరిగా చదివితే. హైటెక్స్ ప్రదర్శన కేంద్రం 2003 జనవరిలో మొదలైంది. దాని పక్కనే హైదరాబాద్ అంతర్జాతీయ కన్వెన్షన్ సెంటర్ (హెచ్‌ఐసీసీ) 2006లో తెరుచుకుంది. ఆ ఏడాది మే నెలలోనే ఆసియా అభివృద్ధి బ్యాంకు వార్షిక సమావేశం జరిగింది. 2007లో అంతర్జాతీయ అంతరిక్షయాన కాంగ్రెస్, 2010లో ప్రపంచ గణితవేత్తల మహాసభ, 2012లో జీవవైవిధ్య సదస్సు, 2017లో గ్లోబల్ ఎంట్రప్రెన్యూర్‌షిప్ సమ్మిట్ హైదరాబాద్‌కు వచ్చాయి. ఈ పేర్లు చదివితే హాలు కట్టడం వల్లే ప్రపంచం నడిచొచ్చిందనిపిస్తుంది. కానీ ఇవన్నీ ఒక్కసారి వచ్చి వెళ్లినవే. గణితవేత్తల మహాసభ నాలుగేళ్లకోసారి, ప్రతిసారీ వేరే దేశంలో జరుగుతుంది. అది మళ్లీ మాదాపూర్‌కు ఎప్పుడొస్తుందో చెప్పడం గణితవేత్తలకూ కష్టమే.

ఇలాంటి కేంద్రాలకు తిండి పెట్టేవి వేరు. ఏటా నవంబరులో హైటెక్స్‌లో పౌల్ట్రీ ఇండియా ప్రదర్శన జరుగుతుంది, కోళ్ల పరిశ్రమకు కావాల్సిన యంత్రాలు, మందులు, దాణా అన్నీ అక్కడికొస్తాయి. ఏటా ఫిబ్రవరిలో మందుల పరిశ్రమ సదస్సు బయోఆసియా ఉంటుంది. కోళ్ల పరిశ్రమ, మందుల పరిశ్రమ రెండూ ఈ నేల మీద పాతుకుని ఉన్నాయి కాబట్టి వాటి సంతలూ ఇక్కడే పాతుకున్నాయి. ప్రతినిధి హైదరాబాద్‌కు వచ్చేది హాలును చూసి కాదు, కొనేవాడూ అమ్మేవాడూ ఇద్దరూ అక్కడే దొరుకుతారని.

బెంగళూరులో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. తుమకూరు రోడ్డులోని అంతర్జాతీయ ప్రదర్శన కేంద్రం బీఐఈసీని 2007లో కట్టింది ప్రభుత్వం కాదు, యంత్ర పరికరాల తయారీదారుల సంఘం. వాళ్ల చేతిలో ఇమ్‌టెక్స్ అనే ప్రదర్శన అప్పటికే ఉంది, తగిన చోటు లేదు. అంటే సంత ముందు, షెడ్డు తర్వాత. గ్రేటర్ నోయిడాలోని ఇండియా ఎక్స్‌పో మార్ట్ వెనక ఉన్నది హస్తకళల ఎగుమతిదారులు. బీఐఈసీ గేటు దగ్గరికి మెట్రో రైలు చేరడానికి మాత్రం 2024 నవంబరు దాకా పట్టింది. పదిహేడేళ్లు ఆ ట్రాఫిక్‌ను భరించి మరీ జనం వెళ్లారంటే, సంతలో సరుకుంటే దారి కష్టాన్ని ఎవరూ లెక్కచేయరన్నమాట.

మరి విశాఖకు అలాంటి సంత ఏది? మందులు అందామంటే పరవాడ ఫార్మా సిటీ ఉంది, కానీ ఆ పరిశ్రమ సభలు హైదరాబాద్‌లో స్థిరపడ్డాయి. వైద్య పరికరాల తయారీకి ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ (ఏఎంటీజెడ్) ఉంది, దాని ఆవరణలోనే సమావేశ మందిరం ఉంది. నౌకాదళం సంగతి చూస్తే, 2016 ఫిబ్రవరిలో అంతర్జాతీయ నౌకా సమీక్ష జరిగింది, పలు దేశాల నౌకాదళాలు కలిసి చేసే మిలన్ విన్యాసాలు 2022 నుంచి ఇక్కడికొచ్చాయి. అవి జరిగేది సముద్రం మీద, బీచ్ రోడ్డు మీద. 2025 జూన్ 21న యోగా దినోత్సవానికి ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా లక్షల మంది కూర్చున్నారు, ఏ హాలుకూ ఆ కొలత చాలదు. ఈ ఊరికి వచ్చే పెద్ద పండుగలన్నీ ఆకాశం కిందివే. ఊరి అందమే అది, హాలు వాదానికి అదే ఇబ్బంది.

మిగిలింది రొయ్య. ఆంధ్రప్రదేశ్ రొయ్యల సాగులో, ఎగుమతిలో దేశంలోనే ముందుంది. విశాఖ నుంచి కంటైనర్లలో సముద్ర ఉత్పత్తులు పెద్దయెత్తున అమెరికా దాకా వెళతాయి. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ఎంపెడా, ఎగుమతిదారుల సంఘం కలిసి జరిపే ఇండియా ఇంటర్నేషనల్ సీఫుడ్ షో 2016 సెప్టెంబరులో విశాఖకు వచ్చింది. తర్వాత గోవా వెళ్లింది, 2020లో కొచ్చిలో, 2023లో కోల్‌కతాలో జరిగింది. అంటే అది ఊరూరా తిరిగే సంత. తీరప్రాంత రాష్ట్రాలన్నిటికీ అందులో వాటా ఉంది కాబట్టి తిరగడం దాని స్వభావం కూడా. దాన్నో, దానికి తోబుట్టువులాంటి మరో ఆక్వా ప్రదర్శననో ఏటా విశాఖలోనే జరిగేలా ఒప్పించగలిగితే హాలుకు పునాది పడినట్టే. మేతల కంపెనీలు, హేచరీలు, ఏరేటర్ల తయారీదారులు, కోల్డ్ స్టోరేజీలవాళ్లు, భీమవరం, నెల్లూరు రైతులు, వీళ్లంతా ఒకచోట చేరడానికి కారణం ఉంది. ఈ బేరం కుదరకముందే హాలు కడితే బేరమాడే బలం పోతుంది. కట్టేసిన హాలు ఖాళీగా ఉందని తెలిసినవాడు అద్దె తగ్గించమనే అడుగుతాడు.

అమెరికాలో జరిగింది అచ్చంగా ఇదే. టెక్సాస్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు హేవుడ్ శాండర్స్ 2005లో బ్రూకింగ్స్ అనే పరిశోధన సంస్థకు రాసిన అధ్యయనం ఈ రంగంలో చాలామందికి మింగుడుపడలేదు. 1990 తర్వాత అక్కడి నగరాల్లో ప్రదర్శన స్థలం 50 శాతానికి పైగా పెరిగింది. వీటి మీద ప్రభుత్వాలు పెట్టే ఖర్చు పదేళ్లలో రెట్టింపై ఏటా 240 కోట్ల డాలర్లకు చేరింది. వచ్చే జనం మాత్రం ఆ మేరకు పెరగలేదు. ఖాళీ హాళ్లున్న నగరాలు అద్దె తగ్గించాయి, తర్వాత ఉచితంగా ఇచ్చాయి. అయినా నిండకపోతే ‘పక్కన పెద్ద హోటల్ లేకపోవడమే కారణం’ అన్నారు. బాల్టిమోర్ నగరం 30 కోట్ల డాలర్లకు పైగా బాండ్లు అమ్మి 2008లో కన్వెన్షన్ సెంటర్ పక్కనే సొంతంగా హోటల్ కట్టుకుంది. నష్టాలను మోసే పని ఒకటి ఉంటే అవి రెండయ్యాయి.

గాంధీనగర్ కథలోనూ హోటల్ ఉంది, కొంచెం వేరేగా. వైబ్రెంట్ గుజరాత్ పెట్టుబడుల సదస్సుల కోసం 2011 నాటికి మహాత్మా మందిర్ అనే కన్వెన్షన్ సెంటర్ కట్టారు. సదస్సు రెండేళ్లకోసారి. మిగతా రోజుల్లో దాన్ని నడపడం ప్రభుత్వ శాఖకు చేతనయ్యే పని కాదని తేలి నిర్వహణను హోటల్ సంస్థకు అప్పగించారు. వచ్చినవాళ్లు పడుకోవడానికి గదులు కావాలి కాబట్టి ఎదురుగా ఉన్న రైల్వే స్టేషను మీద 318 గదుల హోటల్ కట్టారు, 2021లో అది తెరుచుకుంది. హాలుకూ గదులకూ మధ్య పదేళ్ల తేడా. హైదరాబాద్‌లో హెచ్‌ఐసీసీ, నోవోటెల్ ఒకే ఆవరణలో కలిసి పుట్టాయి. తొలి ఏళ్లలోనే పెద్ద సభలు నిలబడడానికి ఆ జంటే సగం కారణం.

విశాఖలో ఈ లెక్క వేయడం కష్టమేమీ కాదు. ఐదు వేల మంది బయటి ప్రతినిధులు వస్తారనుకుంటే, ఒక్కొక్కరికి ఒక గది అడిగేవాళ్లు, ఇద్దరేసి సర్దుకునేవాళ్లు కలిపి మూడు వేల పైచిలుకు మంచి గదులు అరగంట ప్రయాణ దూరంలో ఉండాలి. 2023 మార్చిలో జీ20 బృందం సమావేశం రుషికొండ దగ్గరి హోటల్లోనే, దాని హాల్లోనే జరిగిపోయింది. ఆ స్థాయి సమావేశాలకు ఇప్పుడున్న హోటళ్లే చాలు. ఊళ్లోవాళ్ల సభలకు గురజాడ కళాక్షేత్రం, సిరిపురంలోని చిల్డ్రన్స్ ఎరీనా, బీచ్ రోడ్డులో ఏయూ కన్వెన్షన్ సెంటర్ ఉన్నాయి. కొరత ఉంటే ఆ పైస్థాయిలో ఉండాలి, అంటే రెండు వేలకూ ఐదు వేలకూ మధ్య. ఆ స్థాయి సభలు ఏడాదికి ఎన్ని విశాఖను అడిగి, చోటు లేదని వెనక్కి వెళ్లాయి? ఏ నివేదికైనా మొదటి పేజీలో చెప్పాల్సిన అంకె ఇది. ‘రాష్ట్రానికి ఇంత సామర్థ్యం ఉంది’, ‘పర్యాటకం ఇంత పెరుగుతుంది’ అన్నవి దానికి బదులు కావు.

ఇక డబ్బు సంగతి. ఊహించి ఒక లెక్క వేద్దాం. హాలు ఖర్చు 500 కోట్లు, భూమి ఉచితం, అప్పు 8 శాతం వడ్డీకి 30 ఏళ్లలో తీర్చాలి. ఏటా కట్టాల్సిన వాయిదా సుమారు 44 కోట్లు. కరెంటు, సిబ్బంది, మరమ్మతులు, ఏసీల నిర్వహణ కలిపి ఇంకో 16 కోట్లు వేసుకుంటే ఏడాదికి 60 కోట్లు. సముద్రపు ఉప్పు గాలికి ఇనుము ఎలా తుప్పు పడుతుందో బీచ్ రోడ్డులో ఇల్లున్న ఎవరినడిగినా చెబుతారు కాబట్టి 16 కోట్లు ఉదారంగా వేసిన అంకె కాదు. ఏడాదిలో 200 రోజులు అద్దెకు పోతే రోజుకు 30 లక్షలు రావాలి. 120 రోజులే పోతే 50 లక్షలు. ప్రదర్శన రంగంలో ఒక సంగతి బయటివాళ్లకు తట్టదు: మూడు రోజుల ప్రదర్శనకు ముందు మూడు రోజులు స్టాళ్లు కట్టుకోవాలి, తర్వాత ఒకటి రెండు రోజులు విప్పుకోవాలి. ఆ రోజులకు అద్దె తక్కువ ఇస్తారు, హాలు మాత్రం ఇరుక్కునే ఉంటుంది. అందుకే ఈ రంగంలో ఏడాది రోజుల్లో 70 శాతం నిండితే అంతకుమించి నింపలేమనే అంటారు. 50, 60 శాతం నిండితే బాగా నడుస్తున్నట్టు. 365ను అద్దెతో గుణించి ఆదాయం చూపించే నివేదిక ఉంటే దాన్ని అక్కడితో మూసేయవచ్చు.

ఖాళీ రోజులను పెళ్లిళ్లతో నింపుదామనే ఆలోచన ఎవరికైనా వస్తుంది. ఇక్కడ పంచాంగం అడ్డొస్తుంది. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు. భాద్రపదం, పుష్యం కూడా చాలామందికి పనికిరావు. రెండున్నరేళ్లు దాటాక అధిక మాసం వస్తుంది, 2026లో అధిక జ్యేష్ఠం వచ్చి మే నడుమ నుంచి జూన్ నడుమ దాకా తినేస్తుంది. మౌఢ్యం సంగతి సరేసరి. 2024లో శుక్ర మౌఢ్యం, గురు మౌఢ్యం, వాటి వెంటే ఆషాఢం వచ్చి ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా ముహూర్తాలు లేకుండా పోయాయి. పురోహితులు, బ్యాండు మేళాలు, పూల వ్యాపారులు, క్యాటరింగ్‌వాళ్లు ఆ మూడు నెలలూ ఎలా నెట్టుకొచ్చారో అప్పటి పత్రికలు తిరగేస్తే తెలుస్తుంది.

ముహూర్తాలు ఉన్న నెలల్లో మళ్లీ వేరే తిప్పలు. మాఘ, ఫాల్గుణాలంటే ఇంచుమించు ఫిబ్రవరి, మార్చి. సదస్సులకూ ప్రదర్శనలకూ ఇష్టమైన కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి. ఇద్దరూ ఒకే వారాల మీద పడతారు. ప్రదర్శనకు వారం రోజులు తెగకుండా కావాలి, ఆ వారం మధ్యలో మంచి ముహూర్తం ఒకటి ఉంటే పెళ్లివారు ఒక్క రాత్రికే మంచి ధర ఇస్తామంటారు. లాభం చూసే నిర్వాహకుడు పెళ్లివారికే ఇస్తాడు. జూన్, జులైలో మాత్రం ఎండా, వానా, ఆషాఢం కలిసి ఇద్దరినీ రానివ్వవు. నిండే రోజుల్లో కొట్లాట, ఖాళీ రోజుల్లో నిశ్శబ్దం. సగటు తీస్తే ఈ రెండూ కనిపించవు, అందుకే సగటు అంకె కంటే నెలవారీ పట్టికే నిజం చెబుతుంది.

హాలు సొంతంగా నష్టపోయినా ఊరికి లాభమేనన్న వాదన ఒకటుంది. హోటళ్లు, ఆటోలు, భోజనశాలలు, బట్టల దుకాణాలు బాగుపడతాయంటారు. ఇందులో నిజముంది, కానీ లెక్కించే తీరులో మోసపోతాం. సదస్సుకు వచ్చిన ప్రతి మనిషి ఖర్చూ కొత్త డబ్బు కాదు. మురళీనగర్ నుంచి వచ్చిన డాక్టరు ఆ రోజు ఎలాగూ ఊళ్లోనే భోంచేసేవాడు. శ్రీకాకుళంలో చేయాల్సిన పెళ్లిని ఒక కుటుంబం విశాఖకు తెస్తే విశాఖ లాభం శ్రీకాకుళం నష్టంగా మారుతుంది. నగరపాలక సంస్థ తన డబ్బు పెడితే ఆ లాభాన్ని చూపించుకోవచ్చు, రాష్ట్ర ప్రభుత్వం పెడితే ఆ రెండూ కలిపి సున్నా. చెన్నై నుంచో, ఢిల్లీ నుంచో, విదేశం నుంచో వచ్చి, హాలు లేకపోతే రానేరాననేవాడి ఖర్చు మాత్రమే అసలైన రాబడి. అతనిచ్చే డబ్బులో కూడా హోటల్ గొలుసు యజమానికి వెళ్లేది, విమాన సంస్థకు వెళ్లేది తీసేసి చూడాలి.

ఆ ఢిల్లీ, ముంబై మనిషిని లాక్కోవడానికి పోటీ ఎవరితో? విజయవాడతో కాదు. 2022లో ముంబైలో జియో వరల్డ్ సెంటర్ వచ్చింది. 2023 జులైలో ఢిల్లీలో సుమారు 2,700 కోట్లతో భారత్ మండపం, రెండు నెలలు తిరక్కుండానే ద్వారకలో సుమారు 5,400 కోట్లతో యశోభూమి తొలి దశ తెరుచుకున్నాయి. యశోభూమి లోపలికే ఎయిర్‌పోర్ట్ మెట్రో వెళ్తుంది. కేంద్రం డబ్బుతో కట్టిన ఆ రెండు ఢిల్లీ హాళ్లు అద్దె తగ్గించగలవు. విశాఖకు విదేశీ ప్రతినిధి రావాలంటే చాలామందికి మధ్యలో విమానం మారాలి. రెండో విమానం అన్నది సదస్సు నిర్వాహకులకు చిన్న విషయం కాదు.

అందుకే భోగాపురం ఈ చర్చలో మూల మలుపు. ఇప్పటిదాకా విశాఖ విమానాలు నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగ రన్‌వే మీద దిగుతూ వచ్చాయి, సమయాలు వాళ్లకు అనుకూలంగా చూసుకోవాల్సి వచ్చేది. భోగాపురంలో జీఎంఆర్ కట్టిన అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం నగరానికి నలభై కిలోమీటర్లకు పైగా దూరంలో, విజయనగరం జిల్లాలో ఉంది. అక్కడి నుంచి ఎన్ని విదేశీ విమానాలు తిరుగుతాయి, కొత్త హోటళ్లు భీమిలి దారిలో వస్తాయా లేక బీచ్ రోడ్డులోనే ఉంటాయా అన్నది తేలడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఊరి బరువు ఉత్తరానికి జరుగుతుందో లేదో తెలియకముందే హాలుకు చోటు ఖాయం చేయడం తొందరపాటు. హెచ్‌ఐసీసీ తెరిచాక రెండేళ్లకు, 2008లో, హైదరాబాద్ విమానాశ్రయం శంషాబాద్‌కు వెళ్లిపోయింది. అయినా హాలు దెబ్బతినలేదంటే చుట్టూ ఐటీ కంపెనీలు కమ్ముకుని ఉండడం వల్ల. మధురవాడ కొండల్లో అలాంటి దట్టమైన కంపెనీల గుంపు ఇంకా పూర్తిగా తయారు కాలేదు.

చోటు సంగతి వచ్చింది కాబట్టి హార్బర్ పార్కు కథ చెప్పకుండా ముందుకెళ్లలేం. 2016లో, 2018లో సీఐఐ భాగస్వామ్య సదస్సులకు గుడారాలు వేసింది అక్కడి రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ (ఏపీఐఐసీ) మైదానంలోనే. 2018 ఫిబ్రవరిలో ఆ ప్రాంతంలోనే లూలూ గ్రూపు అంతర్జాతీయ కన్వెన్షన్ సెంటర్, ఐదు నక్షత్రాల హోటల్, మాల్ కలిపి కడుతుందని శంకుస్థాపన జరిగింది. 2019లో ప్రభుత్వం మారాక కేటాయింపు రద్దయింది. 2025లో పదమూడెకరాల పైచిలుకు స్థలం మళ్లీ ఆ సంస్థ వైపే నడిచింది, ఈసారి అందరి నోటా ముందు వినిపించింది షాపింగ్ మాల్. అదే సంస్థ కొచ్చిలో బోల్గాట్టి ద్వీపం మీద హోటల్‌తో కలిపి 2018లోనే కన్వెన్షన్ సెంటర్ తెరిచింది, అంటే ఆ వ్యాపారం ఎరగనిది కాదు. సొంత డబ్బు పెట్టేవాళ్ల దృష్టి హాలు నుంచి మాల్ వైపు మళ్లడంలో మార్కెట్ చెప్పే కబురు ఉంది. ప్రైవేటు భాగస్వామ్యంతో వచ్చే కన్వెన్షన్ ప్రతిపాదనల్లో హాలు తరచు ముందు గది మాత్రమే, అసలు ఇల్లు వెనక ఉన్న భూమి. హెచ్‌ఐసీసీని, గోల్ఫ్ కోర్సును, టౌన్‌షిప్‌ను కలిపి దుబాయ్ నిర్మాణ సంస్థ ఎమ్మార్‌తో ఆనాటి ప్రభుత్వం కుదుర్చుకున్న ఒప్పందంలో హాలు సక్రమంగానే నడిచింది. టౌన్‌షిప్ స్థలాల వ్యవహారం మాత్రం 2011లో సీబీఐ దాకా వెళ్లింది. అందువల్ల ఏ ప్రతిపాదన వచ్చినా హాలు లెక్కను, భూమి లెక్కను రెండు వేర్వేరు కాగితాల మీద రాయమని అడగాలి.

గుడారం అంటే చిన్నచూపు ఎందుకో కూడా ఆలోచించాలి. హైదరాబాద్ నుమాయిష్ 1938లో మొదలైంది. ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి నడుమ దాకా నాంపల్లి మైదానంలో జరుగుతుంది. తాత్కాలిక స్టాళ్లు, మట్టి దారులు, మిర్చి బజ్జీల వాసన, కశ్మీరీ శాలువాలు. అక్కడ మిగిలిన డబ్బుతో ఎగ్జిబిషన్ సొసైటీ కాలేజీలు నడుపుతుంది. ఏసీ హాలు లేని ఆ సంత తెలుగు నేల మీద ఏ కన్వెన్షన్ సెంటర్ కంటే ఎక్కువ కాలం బతికింది. 2019 జనవరిలో అగ్నిప్రమాదం అందులోని లోపాన్నీ చూపించింది: నీటి గొట్టాలు, ఖాళీ దారులు, కరెంటు తీగలు ముందే భూమిలో పక్కాగా ఉండాలి. వింగ్స్ ఇండియా విమానాల ప్రదర్శనకు బేగంపేట పాత విమానాశ్రయమే హాలు. హెచ్‌ఐసీసీ ఉండగానే 2025 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం తన గ్లోబల్ సమ్మిట్‌ను ఫ్యూచర్ సిటీ భూముల్లో గుడారాలు వేసి జరిపింది. ప్రభుత్వాలకు సదస్సు అంటే చూపించదలుచుకున్న చోటును చూపించడం కూడా. పక్కా హాలు కట్టినా ఆ సరదా పోదు.

ఇవన్నీ చూశాక విశాఖకు ఇప్పుడు సరిపడేది ఐదు వేల కుర్చీల మహా మందిరం కాదనే అనిపిస్తుంది. సిద్ధం చేసిన మైదానం ఒకటి కావాలి. గట్టి నేల, దాని కింద కరెంటు, నీరు, మురుగు కాలువలు, అగ్నిమాపక గొట్టాలు, లారీలు తిరిగే దారి, శాశ్వతమైన మరుగుదొడ్లు, బస్సులు ఆగే చోటు. హ్యాంగర్లు ఎప్పటిలాగే అద్దెకొస్తాయి, ప్రతిసారీ ప్లైవుడ్, జనరేటర్ల ఖర్చు తగ్గుతుంది. ఇంజనీరింగ్ కాలేజీకి దాని మైదానం దానికి మిగులుతుంది. ఆ స్థలం పక్కన స్తంభాల్లేని మధ్యరకం హాలు ఒకటి, అవసరమైతే ఇంకొకటి తగిలించే వీలుతో కట్టుకోవచ్చు. తుపాను దారిలో ఉన్న ఊరు ఇది. 2014లో హుద్‌హుద్ చేసిన పని గుర్తున్నవాళ్లు అక్టోబరు, నవంబరుల్లో గుడారాల మీదే పూర్తిగా ఆధారపడమని చెప్పలేరు కాబట్టి ఆ ఒక్క హాలుకూ కారణం ఉంది.

దానికైనా ముందు చేయాల్సిన పరీక్షను పెళ్లి హాళ్లవాళ్లు రోజూ చేస్తారు. ఫోన్ చేసి ‘తారీఖు ఖాళీగా ఉందా’ అని అడిగేవాళ్లు వందమంది. పుస్తకంలో పేరెక్కేది మాత్రం అడ్వాన్స్ ఇచ్చినవాళ్లదే. డిమాండ్ అధ్యయనాల్లో ‘విశాఖలో హాలు ఉంటే వస్తారా’ అని సంఘాలను అడిగి, ‘తప్పకుండా పరిశీలిస్తాం’ అన్న ప్రతి జవాబునూ ఒక సదస్సుగా లెక్కవేస్తారు. అడగాల్సింది వేరు. మూడేళ్ల తర్వాతి క్యాలెండర్‌ను గోడకు తగిలించి, ఆక్వా సంఘాలను, డాక్టర్ల సంఘాలను, ప్రదర్శనలు నడిపే సంస్థలను పిలిచి, హాలు పూర్తికాకపోతే వడ్డీతో వాపసు ఇస్తామన్న హామీతో చిన్న మొత్తమైనా కట్టమనాలి. డిసెంబరు, జనవరి గళ్లు ఎలాగూ నిండుతాయి. నివేదిక రాసే కన్సల్టెంటును కూర్చోబెట్టి అడగాల్సింది జులై పేజీ గురించి. ఆ పేజీలో ఎవరి పేర్లు రాస్తారో, వాళ్లలో ఎందరు అడ్వాన్స్ కట్టారో చూశాక కొబ్బరికాయ కొట్టొచ్చు.